సైకిల్ చైను పదే పదే ఊడిపోతుంటే ఎలా సరిచేసుకోవాలి

ఊడిన చైనును తిరిగి పళ్ల మీదికి ఎక్కించడం రెండు నిమిషాల పని. చేతులకు కాస్త మసి అంటుకోవడం తప్ప అందులో పెద్ద కష్టమేమీ లేదు. ఎప్పుడో ఒకసారి పెద్ద గుంతలో పడి ఊడితే ఎక్కించుకుని సాగిపోవచ్చు. కానీ వారానికి రెండు మూడుసార్లు ఊడుతోందంటే సైకిల్లో ఏదో ఒక భాగం వదులైందనో, అరిగిందనో, వరుస తప్పిందనో అర్థం. అలాంటప్పుడు ఎక్కించడాన్నే మరమ్మతు అనుకోకూడదు. కారణమేమిటో చాలావరకు ఊడిన చైనే చెబుతుంది. అది ఎక్కడ ఊడింది, ఎటువైపు పడింది, మీరు ఏం చేస్తుండగా పడింది అనే మూడు సంగతులు గమనిస్తే, ఏ నట్టు మీద పానా పెట్టాలో ముందే తెలిసిపోతుంది.

పెడల్స్ దగ్గర ఉండే పెద్ద పళ్ల చక్రాన్ని చైన్‌వీల్ అనీ, వెనక చక్రం మీద ఉండే చిన్న పళ్ల చక్రాన్ని ఫ్రీవీల్ అనీ ఈ వ్యాసంలో అంటున్నాను. ముందుగా గేర్లు లేని సైకిలు గురించి వివరంగా చెప్పి, ఆ తర్వాత గేర్ల సైకిలుకు వస్తాను. అరుగుదల, బిగుసుకున్న లింకుల వంటి సంగతులు రెండింటికీ ఒకటే కాబట్టి, గేర్ల సైకిలు ఉన్నవారు కూడా మొదటి భాగాన్ని దాటవేయకుండా చదవడం మంచిది.

ఎక్కించే ముందు చూడవలసినవి

చైను ఊడగానే సైకిలు దిగి, దాన్ని ముట్టుకోకుండా ఒక్క నిమిషం చూడండి. చైన్‌వీల్ దగ్గర ఊడి కిందికి వేలాడుతోందా, లేక వెనక ఫ్రీవీల్ దగ్గర ఊడి ఇరుసు మీద చిక్కుకుందా? లోపలివైపు, అంటే ఫ్రేము వైపు పడిందా, బయటివైపు పడిందా? ఇవి చూశాక, పడిన క్షణంలో మీరేం చేస్తున్నారో గుర్తు చేసుకోండి. గతుకుల మీద కుదుపుకు ఊడితే చైను వదులుగా ఉందని మొదట అనుమానించాలి. సీటు మీది నుంచి లేచి బలంగా తొక్కినప్పుడు ఊడితే, ఆ బలానికి వెనక చక్రం, ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడిలో ముందుకు జరిగి ఉండవచ్చు. కుడివైపు నట్టు సరిగా బిగించనప్పుడు ఇరుసు ఆ వైపు ముందుకు జారి, చక్రం ముందు అంచు ఎడమవైపు గొట్టానికి దగ్గరవుతుంది కాబట్టి, టైరు అక్కడ రాసుకుంటోందేమో చూస్తే విషయం తేలిపోతుంది. తొక్కడం ఆపిన మరుక్షణం ఊడితే మాత్రం తప్పు చైనుది కాదు, ఫ్రీవీల్‌ది. అది స్వేచ్ఛగా తిరగకుండా పట్టేయడం వల్ల, పెడల్స్ ఆగినా చక్రం చైనును ముందుకు తోస్తూనే ఉంటుంది. పైభాగంలో చైను కుప్పపడి జారిపోతుంది. ఈ చివరి కారణాన్ని కనిపెట్టలేక చైను మీద చైను మార్చినవారిని చూశాను.

ఇక ఎక్కించే పద్ధతి. పూర్తి చైన్ కవర్ ఉన్న సైకిలయితే ముందు కవర్ స్క్రూలు విప్పాలి. చైను రెండు చోట్లా ఊడి ఉంటే మొదట వెనక ఫ్రీవీల్ పళ్ల మీద కూర్చోబెట్టి, తర్వాతే ముందుకు రండి. చైన్‌వీల్ అడుగున ఉన్న రెండు మూడు పళ్లకు చైనును తగిలించి, పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పితే మిగిలిన భాగం తనంతట తానే ఎక్కుతుంది. పెడల్ వెనక్కి తిప్పితే బ్రేకు పడే రకం సైకిలయితే ఇది కుదరదు. వెనక చక్రాన్ని నేల నుంచి ఎత్తి, చైనును చైన్‌వీల్ పైభాగపు పళ్లకు తగిలించి ముందుకు తిప్పాలి. చైనును పుల్లతోనో, గుడ్డ చుట్టిన వేళ్లతో బయటి అంచున పట్టుకునో తగిలించండి. చైనుకూ పళ్లకూ మధ్య వేలు ఉండగా పెడల్ కదిలితే వేలి కొన తెగిపోయే ప్రమాదం ఉంది. అందుకే చైను ఒకరు పట్టుకుని, పెడల్ మరొకరు తిప్పే పద్ధతి అసలు వద్దు. రెండు పనులూ ఒకరే చేయాలి.

బిగువు సరిచేయడం

గేర్లు లేని సైకిల్లో చైను ఊడటానికి అతి సాధారణ కారణం వదులుదనమే. చైన్‌వీల్‌కూ ఫ్రీవీల్‌కూ సరిగ్గా మధ్యలో చైనును వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. పై హద్దు నుంచి కింది హద్దు వరకు మొత్తం కదలిక సుమారు అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే సరిపోతుంది. అంగుళం పైగా ఊగుతుంటే అది కుదుపుకు ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే. అయితే ఒక్క చోట చూసి తీర్పు చెప్పకూడదు. చైన్‌వీల్‌గానీ ఫ్రీవీల్‌గానీ నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండటం అరుదు కాబట్టి, పెడల్ తిరిగేకొద్దీ చైను ఒక చోట బిగుస్తూ, మరో చోట వదులవుతూ ఉంటుంది. పెడల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ చైను అన్నిటికన్నా బిగుతుగా ఉండే చోటును వెతికి, అర అంగుళం లెక్కను అక్కడే సరిచూడాలి. వదులుగా ఉన్న చోట కొలిచి బిగిస్తే, బిగుతైన చోటికి వచ్చేసరికి చైను తీగలా లాగుకుపోతుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. చైను ఊడటం ఆగింది గానీ, పెడల్ ప్రతి చుట్టులోనూ ఒక చోట మొరాయించేది, ఇరుసు లోపలి నుంచి గరగరమని చప్పుడు వచ్చేది. అతిగా బిగించిన చైను బేరింగులను త్వరగా అరగదీస్తుంది.

బిగువు పెంచడానికి వెనక చక్రాన్ని గాడిలో వెనక్కి జరపాలి. ఇరుసుకు రెండు వైపులా ఉన్న నట్లను ఒక చుట్టుకు మించకుండా వదులు చేయండి. చాలా సైకిళ్లకు ఇక్కడ 15 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. పెడల్ వెనక్కి తిప్పితే పడే బ్రేకు ఉంటే, దాని చేతిని ఫ్రేము గొట్టానికి పట్టి ఉంచే పట్టీ నట్టును కూడా ముందే వదులు చేయాలి, లేకపోతే చక్రం జరగదు. గాడి వెనక చైను బిగించే స్క్రూలు ఉన్న సైకిలయితే, రెండు వైపులా ఒకే కొలతలో పావు చుట్టు చొప్పున తిప్పుతూ పోతే చక్రం తిన్నగా వెనక్కి వస్తుంది. అవి లేనప్పుడు చేత్తోనే చేయవలసి ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగి పట్టుకుని కుడివైపు నట్టును కొద్దిగా బిగించండి. ఆ తర్వాత చక్రం ముందు భాగాన్ని చేత్తో పక్కకు జరిపి, టైరుకు రెండు వైపులా ఉన్న గొట్టాల నుంచి సమాన దూరం వచ్చేలా నిలిపి, ఎడమ నట్టును బిగించండి. రెండు నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవాలే తప్ప, ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు. అలా చేస్తే నట్టు తిరిగే ఊపుకు చక్రం పక్కకు ఒరిగిపోతుంది.

నట్లు పూర్తిగా బిగిశాక బిగువును మళ్లీ కొలవండి. బిగించడంలోనే చక్రం ఒక వెంట్రుకవాసి జరగడం మామూలే కాబట్టి, రెండు మూడుసార్లు ప్రయత్నించవలసి రావచ్చు. తర్వాత తప్పనిసరిగా చూడవలసింది వెనక బ్రేకు. చక్రం వెనక్కి జరిగినా బ్రేకు ఫ్రేము మీదే ఉంటుంది గనుక, బ్రేకు కట్టలు రిమ్ముకు తగలవలసిన చోట కాకుండా టైరుకు తగలవచ్చు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు అయితే దాని పట్టీ నట్టును తిరిగి బిగించడం మరచిపోకండి. అది ఊడి ఉన్న సైకిల్ మీద బ్రేకు వేస్తే బ్రేకు చేయి ఇరుసుతోపాటు గిర్రున తిరుగుతుంది.

చక్రం మళ్లీ మళ్లీ ముందుకు జారుతోందంటే నట్టు కింద ఉండే గరుకు వాషరు పోయిందేమో, నట్టు మరలు అరిగాయేమో చూడండి. నునుపైన వాషరు ఎంత బిగించినా ఫ్రేమును గట్టిగా పట్టుకోదు.

అరుగుదల కొలవడం

చక్రం గాడి చివరికి వచ్చేసినా చైను ఇంకా వదులుగానే ఉంటే, చాలామంది చేసేది ఒక లింకు తీసేయడం. ఇది తాత్కాలికంగా పనిచేస్తుంది. అందుకే ఇంతగా వాడుకలో ఉంది. కానీ చైను ఎందుకు పొడవైందో ఆలోచిస్తే ఈ పద్ధతి ఎంతవరకు న్యాయమో అర్థమవుతుంది.

ఇప్పటి సైకిల్ చైను 1880లో ఇంజనీరు హాన్స్ రెనాల్డ్ పేటెంటు పొందిన రోలర్ చైనుకు వారసురాలు. ఇందులో ప్రతి రెండు పిన్నుల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైన్‌వీల్ పళ్ల మధ్య దూరం కూడా సరిగ్గా అంతే కాబట్టి ప్రతి రోలరూ, అంటే పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం, తన గుంతలో కూర్చుంటుంది. చైను పాతబడినప్పుడు ఇనుప పలకలు సాగవు. పిన్నూ అది తిరిగే చోటూ అరిగి, ప్రతి కీలులోనూ వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. వందకు దగ్గరగా ఉండే కీళ్ల ఖాళీలన్నీ కలిసి చైనును పొడవు చేస్తాయి. అప్పుడు రోలర్లు పళ్ల గుంతల్లో కూర్చోకుండా పళ్ల వాలు మీదికి ఎగబాకుతాయి, ఏ చిన్న కుదుపుకైనా దాటి బయటపడతాయి. లింకు తీసేస్తే చైను మొత్తం పొడవు తగ్గుతుంది గానీ, పిన్నుల మధ్య పెరిగిన దూరం అలాగే ఉంటుంది.

కాబట్టి ముందు కొలవండి. టేపు కన్నా ఉక్కు స్కేలు నమ్మదగినది. చైనును సైకిల్ మీదే బిగుతుగా ఉంచి, స్కేలు మొదటి గీతను ఒక పిన్ను నడిమధ్యకు ఆనించండి. కొత్త చైనులో 12 అంగుళాల గీత కూడా సరిగ్గా మరో పిన్ను మధ్యకే వస్తుంది. ఆ పిన్ను 12 అంగుళాల గీతను 1/16 అంగుళం దాటి ఉంటే చైను మార్చవలసిన సమయం వచ్చినట్టు. 1/8 అంగుళం దాటిందంటే ఈపాటికి చైన్‌వీల్, ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉండే అవకాశం ఎక్కువ. స్కేలు దొరకకపోతే చైన్‌వీల్ ముందు అంచున చైనును వేళ్లతో పట్టుకుని బయటికి లాగి చూడండి. పంటి ఎత్తులో సగం బయటికి కనబడేంతగా లేస్తే అరుగుదల ముదిరినట్టే. పళ్లను కూడా దగ్గరగా చూడండి. రెండు వైపులా ఒకే వాలుతో ఉండవలసిన పన్ను ఒకవైపు తొలుచుకుపోయి కొక్కెంలా వంగినట్టు ఉంటే, అది కొత్త చైనును కూడా నిలబెట్టుకోలేదు. అరిగిన ఫ్రీవీల్ మీద కొత్త చైను వేస్తే బలంగా తొక్కినప్పుడల్లా ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, రెంటినీ కలిపి మార్చడమే నయం.

కొత్త చైనును పాతదాని పక్కన పెట్టి పొడవు కొలిచి కోయకండి. పాతది అరిగి పొడవై ఉంటుంది, కొలత తప్పుతుంది. లింకులు లెక్కపెట్టి, అన్నే ఉంచండి. చైను వెడల్పు కూడా ముఖ్యమే. గేర్లు లేని సైకిళ్లలో లోపలి వెడల్పు 1/8 అంగుళం ఉండే చైను ఎక్కువగా వాడతారు, కొన్నిటికి 3/32 అంగుళం చైను ఉంటుంది. వెడల్పైన చైను సన్నపాటి పళ్ల మీద నడుస్తుంది గానీ, సన్న చైను మందమైన పళ్ల మధ్య దిగదు, పైపైనే తేలుతూ ఊడిపోతుంది. కొత్త చైను వేసిన రోజు నుంచే ఊడుతోందంటే ముందు దీన్నే అనుమానించండి. చైనును కలిపే లింకుకు చీలిక క్లిప్పు ఉంటే, దాని మూసి ఉన్న కొన చైను కదిలే దిశలోనూ, తెరిచిన కొన వెనకకూ ఉండాలి; తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడివచ్చి చైను విడిపోవచ్చు.

చైను అరగలేదు, బిగువు సరిపోయింది, అయినా చక్రం గాడి చివరి దాకా వచ్చిందనుకోండి. అప్పుడు మాత్రం లింకు తీయడంలో తప్పులేదు. లోపలి పలకల జత, బయటి పలకల జత కలిపి ఒక అంగుళం తీసివేయవలసి ఉంటుంది. ఒక అంగుళం తగ్గితే చక్రం అర అంగుళం ముందుకు వస్తుంది కాబట్టి, గాడిలో అంత చోటు ఉందో లేదో చూసుకోవాలి.

వరుస తప్పడం, బిగుసుకున్న లింకులు

బిగువు, పొడవు రెండూ సరిగ్గా ఉన్నా ఎప్పుడూ ఒకే వైపుకు ఊడుతోందంటే చైన్‌వీల్, ఫ్రీవీల్ ఒకే వరుసలో లేవన్నమాట. సైకిలు వెనక కూర్చుని, ఒక కన్ను మూసి, ఫ్రీవీల్ మీదుగా చైన్‌వీల్ వైపు చూడండి. చైను తిన్నగా సాగాలి. ఒక పక్కకు ఒరిగి పోకూడదు. తర్వాత పెడల్‌ను వెనక్కి తిప్పుతూ పై నుంచి చైన్‌వీల్‌ను గమనించండి. ఫ్రేము గొట్టానికీ పళ్లకూ మధ్య ఖాళీ ఒకచోట పెరిగి, ఒకచోట తగ్గుతుంటే చైన్‌వీల్ వంగింది. కొద్దిపాటి వంపును సర్దుబాటు పానాతో పట్టుకుని నెమ్మదిగా సరిచేయవచ్చు. బలం ప్రయోగించవలసి వస్తే ఆపేసి, కొత్తది వేయించండి.

పెడల్ చేతులను, అంటే పెడల్స్‌ను ఇరుసుకు కలిపే కడ్డీలను, రెండు చేతులా పట్టుకుని పక్కలకు ఊపి చూడటం కూడా మరచిపోవద్దు. ఒక్క చేయి మాత్రమే కదిలితే దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే బోల్టో, పిన్నో వదులైంది. రెండూ కలిసి ఊగుతుంటే లోపలి బేరింగులు వదులయ్యాయి. తొక్కినప్పుడల్లా చైన్‌వీల్ పక్కలకు ఊగి చైనును తప్పిస్తోంది. దీన్ని సరిచేయకుండా చైనుతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

బిగుసుకున్న లింకు మరో దొంగ. వర్షంలో నానిన చైను ఎక్కువ రోజులు నూనె లేకుండా ఉంటే ఒకటి రెండు కీళ్లు తుప్పు పట్టి వంగడం మానేస్తాయి. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ ఫ్రీవీల్ దగ్గర చూస్తే, ఆ లింకు వచ్చినప్పుడల్లా చైను చిన్నగా ఎగురుతుంది. అక్కడ రెండు చుక్కల నూనె వేసి, ఆ లింకుకు రెండు వైపులా చైనును పట్టుకుని పక్కలకు కొద్దిగా అటూ ఇటూ వంచితే వదులవుతుంది. పట్టేసిన ఫ్రీవీల్‌కూ ఇంచుమించు ఇదే చికిత్స: సైకిలును పక్కకు పడుకోబెట్టి, కదిలే భాగానికీ కదలని భాగానికీ మధ్య సన్నని సందులో పలచటి నూనె వేసి తిప్పుతూ ఉండండి. అయినా తేలికగా తిరగకపోతే మార్చడమే మార్గం.

గేర్ల సైకిలు అయితే

చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి మరోదాని మీదికి జరిపే భాగాన్ని డీరైలర్ అంటారు. గేర్ల సైకిల్లో బిగువును వెనక డీరైలర్ స్ప్రింగు చూసుకుంటుంది కాబట్టి చక్రాన్ని జరిపే పని ఉండదు. ఇక్కడ చైను ఎక్కువగా గేరు మార్చేటప్పుడు ఊడుతుంది. ఊడిన వైపే ఏ స్క్రూ తిప్పాలో చెబుతుంది. ప్రతి డీరైలర్‌కూ అది ఎంతవరకు జరగాలో నిర్ణయించే రెండు హద్దు స్క్రూలు ఉంటాయి. వాటి పక్కన సాధారణంగా హెచ్, ఎల్ అనే అక్షరాలు ఉంటాయి.

ముందు చైను లోపలివైపు, ఫ్రేము మీద పడితే ముందు డీరైలర్ ఎల్ స్క్రూను గడియారపు ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు తిప్పి చూడండి. బయటివైపు, పెడల్ చేతి మీద పడితే హెచ్ స్క్రూతో అదే పని చేయాలి. పావు చుట్టు కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పకండి; మరీ బిగిస్తే ఆ గేరుకు చైను వెళ్లనే వెళ్లదు. స్క్రూలు ముట్టుకునే ముందు డీరైలర్ కూర్చున్న తీరు చూడటం ఇంకా మంచిది. దాని బయటి పలక పెద్ద చైన్‌వీల్‌కు సమాంతరంగా ఉండి, పలక అడుగు అంచుకూ పళ్ల కొనలకూ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అది ఒరిగి ఉంటే స్క్రూలు ఎంత తిప్పినా కుదరదు.

వెనక చైను పెద్ద పళ్ల చక్రాన్ని దాటి చువ్వల్లోకి పోతే దాన్ని అన్నిటికన్నా తీవ్రంగా తీసుకోండి, ఎందుకంటే నడుస్తున్న చక్రం అక్కడికక్కడే పట్టేసే ప్రమాదం ఉంది. సైకిలును నిలబెట్టి, పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు మార్చి, డీరైలర్‌ను చేత్తో చువ్వల వైపు తోయండి. అది ఆ చక్రాన్ని దాటి వెళ్లగలిగితే ఎల్ స్క్రూను బిగించాలి. చిన్న పళ్ల చక్రానికీ ఫ్రేముకూ మధ్య పడితే హెచ్ స్క్రూను చూడాలి. కానీ నిన్నటిదాకా బాగా నడిచిన సైకిలు కింద పడ్డాక ఈ తంటా మొదలైతే, డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంటుంది. దాన్ని కంటితో చూసి సరిచేయడం కష్టం, దానికి ప్రత్యేకమైన కొలత పనిముట్టు ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాలి.

గేర్ల సైకిల్లో చైను పొడవు చూడటానికి తేలికైన పద్ధతి ఒకటుంది. చైనును వెనక డీరైలర్‌లో నుంచి కాకుండా నేరుగా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ వేసి, రెండు కొనలు కలిసే చోటికి ఇంకో అంగుళం కలపండి. అదే సాధారణంగా సరైన పొడవు. అంతకన్నా ఎక్కువ పొడవుంటే చిన్న చక్రాల జతలో వేలాడి ఊడుతుంది. ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం జతనూ, ముందు చిన్నది, వెనక చిన్నది జతనూ కలిపి తొక్కే అలవాటు ఉంటే మానుకోండి. చైను అడ్డంగా ఒరిగి పనిచేయవలసి వస్తుంది. ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద బలమంతా వేసి ఉన్నప్పుడు ముందు గేరు మార్చడం కూడా చైనును కింద పడేసే పనే.

సరిచేశాక

చైనుకు నూనె వేయవలసి ఉంటే లోపలి రోలర్ల మీద ఒక్కో చుక్క చొప్పున వేసి, పెడల్‌ను కాసేపు తిప్పి, పైకి తేలిన నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. చైను బయట జిడ్డు ఉంటే దుమ్ము అంటుకుని అరుగుదలను పెంచుతుంది. ఆ తర్వాత సైకిలును ఎత్తి పెడల్‌ను చేత్తో తిప్పి చూడండి. చప్పుడు, ఎగుడుదిగుడు లేకపోతే ఖాళీగా ఉన్న చోట ఒక చిన్న చుట్టు తొక్కండి. మొదట నెమ్మదిగా తొక్కండి, తర్వాత సీటు మీది నుంచి లేచి బలంగా తొక్కండి, ఆ తర్వాత పెడల్స్ ఆపి దొర్లనివ్వండి, చివరగా కొంచెం గతుకుల మీద పోనివ్వండి. చైను ఇంతకుముందు ఏ పరిస్థితిలో ఊడేదో ఆ పరిస్థితిని కావాలనే తెచ్చి చూడటం ముఖ్యం. చదునైన నేల మీద నిలిచినంత మాత్రాన సరైపోయినట్టు కాదు. ఇరుసు నట్లు మొదటి ప్రయాణంలోనే కొద్దిగా వదులు కావచ్చు గనుక, తిరిగి రాగానే వాటిని మరోసారి బిగించి, చైను మధ్యలో వేలు పెట్టి అర అంగుళం కదలికను సరిచూడండి. కొత్త చైను వేసి ఉంటే ఒకటి రెండు వారాల తర్వాత ఇంకోసారి ఈ పని చేయవలసి ఉంటుంది, ఎందుకంటే కొత్త పిన్నులు సర్దుకునేటప్పుడు చైను కొంచెం వదులవుతుంది.